ఐకాన్ 1.6 కొనాలా, సిటీ వీటెక్ కొనాలా: గోదారి రోడ్లకి ఆదివారం కారు

లక్షన్నర, రెండు లక్షల్లో ఆదివారం పూట సరదాగా తిప్పుకోవడానికి ఒక పాత పెట్రోల్ కారు చూద్దామని బయల్దేరితే, మా గోదారి జిల్లాల్లో మాట చాలాసార్లు రెండు పేర్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఒకటి ఫోర్డ్ ఐకాన్ 1.6, రెండోది పాత హోండా సిటీ 1.5 వీటెక్. నేను రెండూ బాగా నడిపాను. ఐకాన్ నాది, ఆరేళ్ళుగా రావులపాలెంలో మా ఇంటి షెడ్డులోనే ఉంది. సిటీ మా బావది, తణుకులో ఉంటుంది. పండక్కి కలిసినప్పుడల్లా తాళాలు మార్చుకుని తలో దిక్కుకీ పోతాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఏ కారు గొప్పది అని అడక్కండి, ఆదివారం పొద్దున్నే మీరు ఏ రోడ్డు ఎక్కుతారో అది ఆలోచించుకోండి. సగం జవాబు అక్కడే తేలిపోతుంది. మిగతా సగం మీ ముందుకొచ్చిన బండి ఏ స్థితిలో ఉందో దాన్నిబట్టి.

కాగితం మీద చూస్తే సిటీదే పైచేయి. 2000లో వచ్చిన ఆ వీటెక్ ఇంజన్‌ది 1493 సీసీ, దాంట్లోంచే 106 హార్స్‌పవర్ తీసింది హోండా. ఐకాన్ 1.6లో ఉన్న రోకామ్ ఇంజన్ 1597 సీసీ అయినా 92 దగ్గరే ఆగుతుంది. కానీ ఆ శక్తి ఎక్కడ దొరుకుతుందన్నది అసలు సంగతి. వీటెక్‌లో, వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ అనే కడ్డీ మీద రెండు రకాల లోబ్‌లు, అంటే ఉబ్బులు, ఉంటాయి. నెమ్మదిగా నడిపినంతసేపూ చిన్నవి పనిచేస్తాయి, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) బాగా పెరిగాక ఇంజన్ ఆయిల్ ప్రెషరే లోపల ఒక పిన్నుని తోసి పెద్ద లోబ్‌ని కలుపుతుంది, అప్పుడు వాల్వులు ఇంకాస్త లోతుగా, ఇంకాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఇంజన్ గొంతే మారిపోతుంది. ఆ గొంతు మారే క్షణం కోసమే ఈ కారు కొనేవాళ్ళు కొంటారు. అందులో తప్పేమీ లేదు, నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. కాకపోతే అక్కడిదాకా వెళ్ళాలంటే రెండో గేరులోనే ఎనభై దగ్గరికి రావాలి.

రోకామ్‌కి అలాంటి ఏర్పాటు లేదు. సిలిండరుకి రెండే వాల్వులు, పాత పద్ధతి. కానీ రెండున్నర వేల ఆర్‌పీఎంకే తన దగ్గరున్న లాగుడంతా ఇచ్చేస్తుంది.

ఇప్పుడు బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం వచ్చే రోడ్డు గుర్తు తెచ్చుకోండి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క అరటి తోటలు, రోడ్డు కాలవతో పాటే వంపు తిరుగుతుంది తప్ప దానికంటూ వేరే దారి లేదు. వంపు దాటగానే అరటి గెలల లోడుతో ట్రాక్టరు ఎదురొస్తుంది, లేదంటే సైకిల్ మీద ఎవరో పెద్దాయన గడ్డిమోపుతో వెళ్తుంటాడు, నలభైకి తగ్గిస్తారు, ఆయన్ని దాటాక మళ్ళీ రెండు వందల గజాలు ఖాళీ. అక్కడ ఐకాన్‌ని మూడో గేరులోనే ఉంచి కాలు నొక్కితే చాలు, నలభై నుంచి డెబ్బైకి గేరు మార్చకుండా అందుకుంటుంది. స్టీరింగ్ కాస్త బరువుగా, ముందు టైరు ఏ రాయి మీద ఉందో చేతికి చెబుతున్నట్టుగా ఉంటుంది. అదే రోడ్డు మీద సిటీ తీసుకెళ్తే రెండో గేరుకి దించాలి, ఇంజన్‌ని అరిపించాలి, అది అందుకునేలోపే ఇంకో వంపు వస్తుంది. ఏటిగట్టు రోడ్లయితే మరీను, అక్కడ యాభై దాటడమే ఎక్కువ. కాబట్టి కాలవగట్లూ ఏటిగట్లే మీ ఆదివారం అయితే నా ఓటు ఐకాన్‌కే, రెండో ఆలోచన లేదు.

సిటీకి ఇంకో ఇబ్బంది ఉంది, అది నేలకి మరీ దగ్గరగా ఉంటుంది. మన ఊళ్ళలో బడి ముందు, గుడి ముందు, ఒక్కోచోట ఎవరింటి ముందు వాళ్ళే వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఎంత ఎత్తుంటాయో మీకు తెలుసు. మా బావ నలుగురిని ఎక్కించుకున్నప్పుడు ప్రతి బ్రేకర్‌నీ ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించుతాడు, అయినా సైలెన్సర్ పైపు తగులుతూనే ఉంటుంది. దాళ్వా కోతలప్పుడు రోడ్డంతా ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ గింజల మీద బ్రేకు వేస్తే ఏ కారైనా జారుతుంది. దాంతోపాటు గడ్డి కూడా పరిచి ఉంటే మాత్రం సిటీతో అసలు ఎక్కకండి. గడ్డి పరకలు కింద వేడి పైపుకి చుట్టుకుంటే అంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది. కాసేపు ఆపి, రైతుని అడిగి, పక్కనుంచి వెళ్ళండి.

మరి సిటీ ఎవరికి? మీది రాజమండ్రో తాడేపల్లిగూడెమో అయి, తెల్లారగట్ల ఐదింటికి 16వ నంబరు హైవే ఎక్కి అన్నవరం దాకా వెళ్ళి టిఫిన్ టైముకి ఇంటికి రావడమే మీ సరదా అయితే, సిటీ ముందు ఐకాన్ మోటుగా అనిపిస్తుంది. హైవే మీదకి కలిసే దగ్గర రెండో గేరులో ఆ ఇంజన్‌ని పైదాకా తిప్పి, నూరు పరిమితి దాటకుండానే దాని గొంతు వినొచ్చు. డ్యాష్‌బోర్డు కిందికి ఉంటుంది, అద్దాలు పెద్దవి, పిల్లర్లు సన్నం, కూర్చుంటే చుట్టూ లోకమంతా కనిపిస్తుంది. గేరు రాడ్ రెండు వేళ్ళతో పడుతుంది. ఐకాన్‌లో ఆ నాజూకు లేదు. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళాలనుకుంటే మాత్రం ముందు ఒకసారి వాళ్ళని సిటీలో ఎక్కించి దింపి చూడండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ సీటు మరీ కిందికి ఉంటుంది.

సరే, మనసు ఒక వైపు మొగ్గిందనుకుందాం. బండి చూడటానికి వెళ్ళేముందు పేర్లు సరిగ్గా తెలుసుకోండి, ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఐకాన్ అన్నదల్లా 1.6 కాదు. 1.3 కూడా అమ్మారు, 1.8 డీజిల్ కూడా ఉంది. ఆర్‌సీలో 1597 సీసీ అని ఉందో లేదో చూస్తే చాలు. సిటీతో అలా కుదరదు, ఎందుకంటే వీటెక్ లేని 1.5 కూడా ఉంది, దాని సీసీ కూడా అంతే. వెనక అంటించిన వీటెక్ అక్షరాల్ని నమ్మకండి, అవి షాపులో దొరుకుతాయి. బానెట్ ఎత్తించి, ఇంజన్ హెడ్ (పై భాగం) మీద వీటెక్ సొలినాయిడ్, అంటే ఆ పిన్నుకి ఆయిల్ వదిలే కరెంటు వాల్వు, ఉందేమో తెలిసిన మెకానిక్‌తో చూపించుకోండి. 2003లో వచ్చిన గుండ్రటి సిటీ (తర్వాత దాన్నే సిటీ జడ్‌ఎక్స్ అన్నారు) వేరే కారు, పేరు ఒకటే అని అది చూపిస్తే వద్దనేయండి.

ఇప్పుడు బాడీ. మీ సమయంలో సగం దీనికే పెట్టండి. ఇంజన్ పాడైతే ఏ షెడ్డులోనైనా విప్పి బిగిస్తారు, బాడీ తిన్న కారుని బాగుచేయించడానికి మీరు కొన్న ధర కంటే ఎక్కువవుతుంది. మన గాలిలోనే తేమ. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలి. భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యల లోడు లారీల నుంచి రోడ్డు మీద నీళ్ళు కారుతూనే ఉంటాయి, అవన్నీ చక్రాల పైన మడ్‌గార్డు లోపలికి చిమ్ముతాయి. అందుకని ముందు డోరు తెరిచి దాని కింది అంచు వెంట వేలు పోనివ్వండి. అక్కడ నీళ్ళు పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. మట్టి పట్టి మూసుకుపోయి ఉంటే లోపల ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచాయన్నమాట. వేలికి పొరలు పొరలుగా ఏదైనా ఊడొస్తే, పైన పెయింట్ ఎంత మెరుస్తున్నా ఆ డోరు లోపలినుంచి పోయినట్టే. తర్వాత డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. సస్పెన్షన్ బిగించే చోటు, కింద జాకీ పెట్టే అంచు చూడండి. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, రేకు మీద అతుక్కుంటుంది, లప్పం మందంగా పూసిన చోట జారిపోతుంది. కింద కొత్తగా నల్లటి యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టించి ఉంటే సంతోషించకండి, తుప్పు గీకకుండా పైన కొట్టేస్తే అది లోపల తింటూనే ఉంటుంది.

వరదలో మునిగిన కారు గురించి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఐకాన్ కొనకముందు తమిళనాడు నంబరుతో ఒక సిటీ దొరికింది. రంగు తళతళలాడుతోంది, ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది, ధర తక్కువ చెప్పారు. డాక్టరు గారి బండి, ఆదివారం తప్ప తీసేవారు కాదు అన్నాడు అమ్మే ఆయన. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనన్న టెన్షన్‌లో అక్కడికక్కడే పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మర్నాడు మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తే, ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇంక రానంతవరకూ లాగాడు. మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరెడు మీద, స్కేలు పెట్టి గీసినట్టు గోధుమరంగు గీత. దానికి అటువైపు ఒక రంగు, ఇటువైపు ఇంకో రంగు. తర్వాత వెనక సీటు కింద చెయ్యి పెట్టి తీస్తే ఎండిన సన్నటి ఒండ్రు, పౌడరులా వేళ్ళకి అంటింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పటి బండి అయ్యుంటుందని ఆయన అంచనా. నా అడ్వాన్స్ తిరిగి రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే మునిగాయి కదా, ఆ కార్లలో కొన్ని ఇప్పుడు మన వైపు తిరుగుతూ ఉండొచ్చు, కాబట్టి ఏ కారు చూసినా బెల్టు చివరిదాకా లాగి చూడటం మర్చిపోకండి. వైరింగ్‌లోకి నీళ్ళెక్కిన కారు ఇవాళ బాగానే నడుస్తుంది, ఆరునెలలకి ఒక్కో వైరూ లోపల పచ్చబడి, ఎక్కడ పోయిందో కూడా తెలియకుండా చంపుతుంది.

ఇంజన్ చూసేటప్పుడు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని ఫోన్లో ముందే చెప్పండి, వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎందుకు వెచ్చబెట్టారో అడగండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. తెల్లపొగ చల్లని పొద్దుట కాసేపు వస్తే ఫరవాలేదు, ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోందన్నమాట, ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పని. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా పేరుకుందా, అదీ అదే రోగం.

రెండు ఇంజన్లకీ చెరో బలహీనత ఉంది. సిటీలో వాల్వుల్ని పిస్టన్లతో లయలో నడిపేది టైమింగ్ బెల్ట్. అది నడుస్తుండగా తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి తగులుతాయి, ఇంజన్ విప్పాల్సిందే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, కొన్న వారంలోనే బెల్టు, టెన్షనరు, దాంతోపాటే వాటర్ పంపు మార్పించేయండి. ఆయిల్ కూడా ఎప్పుడూ తగ్గనివ్వకండి, పైన చెప్పాను కదా, ఆ వీటెక్ పిన్నుని తోసేదే ఆయిల్. ఐకాన్ రోకామ్‌కి ఉన్నది చెయిన్, కాబట్టి ఆ బెంగ లేదు. దాని జబ్బు వేరు, కూలెంట్ వెళ్ళే థర్మోస్టాట్ హౌసింగ్ అనే డబ్బా ప్లాస్టిక్‌ది, ఏళ్ళ తరబడి వేడికి పగిలి కూలెంట్ కారుతుంది. హౌసింగ్ కింద, గేర్‌బాక్స్ పైన టార్చి వేసి చూస్తే ఆరిపోయిన రంగు మరకలు కనిపిస్తాయి. వస్తువు పెద్ద ఖరీదు కాదు, కానీ గమనించకుండా నడిపితే ఇంజన్ వేడెక్కి హెడ్ వంగిపోతుంది. ట్యాంకులో ఉండే ఫ్యూయల్ పంపు కూడా ఐకాన్‌లో ఖర్చే, తాళం తిప్పగానే వెనకనుంచి రెండు సెకన్ల సన్నటి చప్పుడు వినిపించి ఆగాలి.

టెస్ట్ డ్రైవ్‌ని ఊరి చివరిదాకా వెళ్ళి రావడంతో సరిపెట్టుకోకండి. వీలైతే ఎండాకాలం, మధ్యాహ్నం, ఏసీ ఫుల్లుగా పెట్టి, సెంటరు ట్రాఫిక్‌లో పావుగంట నిలబెట్టండి, టెంపరేచర్ ముల్లు సగం దాటకూడదు, ఫ్యాను తిరిగి ఆగి మళ్ళీ తిరగాలి. తర్వాత గతుకుల రోడ్డు ఎక్కించి అద్దాలు దించి వినండి. డబడబ అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కలు) పోయాయి, రెండు కార్లలోనూ పోయేవే, ధర తగ్గించడానికి పనికొస్తాయి తప్ప వదులుకోవడానికి కారణం కాదు. ఖాళీ రోడ్డు మీద ఒక్క నిమిషం స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని ఎటు లాగుతుందో గమనించండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా అంత పాత టైర్లతో వేగం వద్దు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ రెండు కార్లూ పదిహేనేళ్ళు ఎప్పుడో దాటేశాయి కాబట్టి ఆర్‌సీ అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. 20 ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజు 2025లో 10,000 రూపాయలకి పెంచారు. గడువు దాటిపోయి ఉంటే నెలకి 500 చొప్పున అదనం, అది అమ్మే ఆయనే కట్టాలని గట్టిగా అడగండి. మన గోదారి జిల్లాల ఏపీ 05, ఏపీ 37 నంబరు బండి దొరికితే సుఖం. హైదరాబాదు బండో బెంగళూరు బండో అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తేవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. చవగ్గా వచ్చింది అనుకున్నది అక్కడ ఖర్చయిపోతుంది.

విడిభాగాల్లో జనం భయపడేది ఐకాన్‌కి, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కదా అని. రోజూ అరిగే సామానుకి నాకైతే ఇంతవరకూ ఇబ్బంది రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో దొరకనిది చెన్నై పుదుపేట నుంచి పార్శిల్‌లో వచ్చేసింది. నిజానికి సిటీకే ఒక్కోటి కష్టం, ఇంజన్ సామాను దొరికినా లైట్లు, బంపర్లు, లోపలి ప్లాస్టిక్కులు బాగున్నవి దొరకడానికి మా బావ నెలల తరబడి తిరిగాడు. అందుకే సిటీ అయితే ఒక్క ముక్క కూడా లోటు లేని బండే కొనండి.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. ఈ కార్లు తయారైనప్పుడు ఇది ఊహలో కూడా లేదు. ఇథనాల్‌కి పాత రబ్బరు పైపులు గట్టిపడి పగులుతాయి, పైగా అది తేమని పీల్చుకుంటుంది, వారమంతా కదలకుండా ఉండే కారుకి మన తేమలో అది మంచిది కాదు. కొనగానే ఫ్యూయల్ హోసులు, ఫిల్టరు కొత్తవి వేయించి, ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకోండి. నేను ఆదివారం తిరిగొచ్చేటప్పుడు నింపను, వెళ్ళేటప్పుడే పోయిస్తాను, కొత్త పెట్రోలు ఇంజన్లో తిరిగిన తర్వాతే షెడ్డెక్కుతుంది. వారానికోసారి కింద మంచినీళ్ళతో కడిగించండి, ముఖ్యంగా చేపల లారీల రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు.

ఇన్ని చూశాక కూడా మీ ముందు రెండు బండ్లుంటే, తుప్పు లేనిదే తీసుకోండి, అది సిటీ అయినా సరే, మీది కాలవగట్టు రోడ్డయినా సరే. రెండూ ఒకేలా ఉంటే రోడ్డుని బట్టి తేల్చుకోండి. కొన్న ధరలో సగం మొదటి ఆరు నెలల పనులకి పక్కన పెట్టుకోలేకపోతే ఇంకా తక్కువ ధర బండి వెతక్కండి, కొంతకాలం ఆగడమే మంచిది.

బేరం కుదిరినా ఆ సాయంత్రం డబ్బు ఇవ్వకండి. అమ్మే ఆయన్ని ఒక్కటే అడగండి, ఈ రాత్రికి ఇంజన్ కింద, గేర్‌బాక్స్ కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి ఉంచమని. కాదనేవాళ్ళు తక్కువ, కాదంటే అదీ ఒక సమాధానమే. మర్నాడు పొద్దున్నే మెకానిక్‌ని తీసుకుని వెళ్ళి ఆ అట్ట బయటికి లాగండి. నల్లటి చుక్క ఇంజన్ ఆయిల్, ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్‌ది, పచ్చగానో గులాబీగానో అంటుకుంటుంటే కూలెంట్, ఉత్త నీళ్ళయితే ఏసీది. ఏ చుక్క ఎక్కడ పడిందో చూసుకుని, అప్పుడు అడ్వాన్స్ మాట ఎత్తండి.